హెచ్ఐవీ నిద్రపోయే కణంలోకి నేరుగా దూరుతుందా? లేక దూరినాక కణం నిద్రపోతుందా?

పాలమూరు జువాలజీ (మహబూబ్‌నగర్):
డిగ్రీ పిల్లలకు రోగనిరోధక శక్తి పాఠం చెప్తూ, హెచ్ఐవీ చురుగ్గా ఉన్న సీడీ4 కణాలకే (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) సోకుతుందని అన్నాను. ఒక అమ్మాయి లేచి, "మరి ఏళ్ల తరబడి వైరస్ దాక్కునేది నిద్రపోయే కణాల్లోనే అంటారు కదా సార్, అక్కడికి ఎట్ల పోయింది?" అని అడిగింది. నా జవాబు ఇదీ: కణం చురుగ్గా ఉన్నప్పుడే సోకుతుంది, తర్వాత ఆ కణం, పాత రోగాన్ని గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణంగా మారి విశ్రాంతిలోకి పోతుంది. నిద్రపోయే కణంలో వైరస్ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసుకోవడానికి ముడిసరుకు ఉండదు. సామ్‌హెచ్‌డీ1 అనే ప్రోటీన్ ఆ సరుకును ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంది. 1990లోనే చూశారు, రాత మొదలై మధ్యలో ఆగిపోతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నల్గొండ ల్యాబ్ అక్క:
సార్, మీరు చెప్పింది సగమే. కణం పొర కింద ఉండే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల వల కూడా అడ్డమే, దాన్ని మీరు వదిలేశారు. కానీ 2008లో తేలిందేంటంటే, వైరస్ కణం పైనున్న సీఎక్స్‌సీఆర్4 అనే గ్రాహకాన్ని తాకగానే లోపల కోఫిలిన్ అనే ప్రోటీన్ చురుకై ఆ వలను కదిలిస్తుంది. అంటే తలుపు తట్టడంలోనే గడియ తీయించుకుంటుంది. సీసీఎల్19 లాంటి సంకేత ప్రోటీన్ తగిలిన విశ్రాంత కణాల్లో, కణం విభజన చెందకపోయినా, వైరస్ డీఎన్ఏ క్రోమోజోమ్‌లో అతుక్కుంటుంది. నిదానంగా జరుగుతుంది, కానీ జరుగుతుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఊదా మూత ట్యూబులో తీసిన రక్తాన్ని ఫైకాల్ అనే చిక్కటి ద్రావణం మీద పోసి యంత్రంలో తిప్పేదాన్ని. ప్లాస్మా కింద మబ్బులాంటి సన్నటి తెల్లపొర వస్తుంది, మనం మాట్లాడుకునే కణాలన్నీ అందులోనే. ఆ ట్యూబులో కణం చాలా ప్రశాంతంగా ఉంటుంది. లింఫు గ్రంథిలో అట్ల ఉండదు, పక్క కణాల సంకేతాలు తగులుతూనే ఉంటాయి. ట్యూబులో సోకలేదని ఒంట్లో సోకదనడం నాకు నచ్చదు.

ఇంకోటి. రాత మధ్యలో ఆగితే కణం బతికి బయటపడ్డట్టు కాదు. ఆ అరకొర డీఎన్ఏను పసిగట్టి కణం మంటపుట్టి పగిలి చస్తుంది. 2014లో ఇది బయటికొచ్చింది. గ్రంథుల్లో సీడీ4 కణాలు తగ్గడానికి ఇదొక పెద్ద కారణం.

దేవరకొండ తమ్ముడు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా బావకు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) రిపోర్టులో "కనపడలేదు" అని వచ్చింది. తగ్గిపోయిందనుకుని గోళీలు బంద్ చేసిండు. మూడు నెలలకు మళ్లీ లోడ్ పెరిగింది, జ్వరం. అక్క రోజూ ఏడుస్తుంది. మీరనే నిద్రపోయే కణమేనా దీనికి కారణం?

నల్గొండ ల్యాబ్ అక్క:
అదే, తమ్మీ. వైరస్ ఏ దారిలో వచ్చినా ఇక్కడ ఫలితం ఒకటే. గోళీలు కొత్త కణాలకు సోకకుండా ఆపుతాయి. ఇప్పటికే క్రోమోజోమ్‌లో అతుక్కున్న దాన్ని ముట్టవు. చికిత్సలో ఉన్నవాళ్లలో మేల్కొనగల వైరస్ ఉన్న కణం సుమారు పది లక్షల విశ్రాంత కణాల్లో ఒకటి. అవి సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుంది. ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే ఒక జీవితకాలం చాలదు. అమెరికాలో పుట్టిన 30 గంటల్లోనే మందు మొదలుపెట్టిన పాప, తర్వాత మందు ఆపినా 27 నెలలు బాగుంది. నయమైందనుకున్నారు. 2014లో వైరస్ తిరిగొచ్చింది.

మిర్యాలగూడ రైతు:
మా బత్తాయి తోటలో తుంగ గడ్డి కూడా ఇట్లనే. మందు కొడితే పైది ఎండుతుంది. లోపల గడ్డ నిద్రలో ఉంటే దానికి అంటదు, ఒక వాన పడితే లేస్తుంది. మేము ముందు తడిపెట్టి, మొలిచినాక కొడతాం. కణాన్ని కూడా అట్లనే లేపి చంపరాదా?

పాలమూరు జువాలజీ:
అదే ప్రయత్నం చేశారు అన్నా. 2012లో వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందుతో వైరస్‌ను మేల్కొలిపారు. మేల్కొంది, కానీ నిల్వ (వైరస్ దాక్కున్న కణాల మొత్తం) తగ్గలేదు, లేచిన కణం తనంతట తాను చావలేదు. అందుకే మా వాదన ఊరికే కాదు. నేరుగా సోకే దారి పెద్దదైతే, దాన్ని మూసే మందు వేరే కావాలి.

ల్యాబ్ అక్క చెప్పిన ఆక్టిన్ సంగతి ఒప్పుకుంటున్నా. "చురుకైన కణాలకే" అన్న మాట సోమవారం క్లాసులో సరిచేస్తా, ఆ అమ్మాయి ముందే. కానీ నిల్వలో ఎక్కువ భాగం నా దారిలోనే చేరిందని ఇప్పటికీ నమ్ముతున్నా. నేరుగా సోకిన కణాల్లో ఎక్కువ శాతం చచ్చిపోతే, మిగిలి నిల్వగా మారేవి ఎన్ని?

నల్గొండ ల్యాబ్ అక్క:
అది మంచి ప్రశ్న సార్, దానికి నా దగ్గర లెక్క లేదు. తమ్మీ, బావను మళ్లీ అదే ఏఆర్‌టీ సెంటర్‌కు (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) తీసుకుపో. పాత గోళీలు సొంతంగా మొదలుపెట్టొద్దు, లోడ్ చూసి ఏ మందు ఇవ్వాలో డాక్టర్ చెప్తారు. ఈ మందు 2004 నుంచి సర్కారు దవాఖానల్లో ఉచితమే. బంద్ చేసినందుకు ఎవరైనా తిడతారని ఇంట్లో కూర్చోవద్దు.

దేవరకొండ తమ్ముడు:
సరే అక్కా. రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాం. బావ పాత బుక్కు, మిగిలిన గోళీల డబ్బా సంచిలో పెట్టిన.