స్టాండర్డ్ హెరాల్డ్ ఓపెన్ టాప్: వెనక డెక్, ఎడమ క్వార్టర్ రేకు కొత్తగా కొట్టించాలి, తెలిసినవాళ్లు చెప్పండి

హెరాల్డ్66:

అందరికీ నమస్తే. నా దగ్గర 1966 స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది, రెండు డోర్లది, పోయిన దసరా ముందు కొన్నా. కంపెనీ నుంచి వచ్చినప్పుడు మామూలు టాప్ ఉన్న బండే, కానీ తొంభైల్లో అప్పటి ఓనర్ బరాత్‌లకి అద్దెకి తిప్పుకోడానికి టాప్ తీయించేశాడు. హెరాల్డ్ టాప్ బోల్టులతో బిగించి ఉంటుంది కదా, స్పానర్ పెడితే ఊడొచ్చేది, అది తెలీక కట్టర్ పెట్టి కోశారు, కోసిన టాప్ తుక్కులోకి పోయింది. ఆ కోత చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

మా పెదనాన్నకి ఇలాంటిదే తెల్లది ఉండేది. ఆ బోనెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి వాలిపోతే ఇంజన్, చక్రాలు అన్నీ బయటపడేవి, ఆయన ముందు టైరు మీదే కూర్చుని ప్లగ్గులు తుడుస్తుంటే నేను పక్కన గుడ్డ పట్టుకుని నిలబడేవాణ్ణి. అందుకే అమ్మే ఉద్దేశం లేదు, ఎంత టైం పట్టినా సరిగ్గా చేయాలని ఉంది. టాప్ ఎలాగూ లేదు కాబట్టి హుడ్ (మడిచే గుడ్డ టాప్) వేసి సరైన కన్వర్టబుల్‌లా చేద్దామనుకుంటున్నా.

ఇప్పుడు సమస్యలు. సీటు వెనక నుంచి డికీ వరకు ఉండాల్సిన డెక్ లేదు, దాని బదులు 16 గేజి ఇనుప రేకు అతికించి పెట్టారు, బరువూ ఎక్కువే, అందం సున్నా. ఎడమ వెనక క్వార్టర్ (వెనక చక్రం మీది బాడీ రేకు) బయటికి నున్నగా కనపడుతుంది కానీ అయస్కాంతం పెడితే జారిపోయింది, గోరుతో కొడితే మట్టికుండ మోగినట్టు మోగింది, సరే అని సుత్తితో చిన్నగా తడితే అరచేయంత లప్పం పెచ్చు ఊడి కింద పడింది, దాని వెనక కుక్కిన పాత న్యూస్ పేపర్ ఉండలు ఉన్నాయి, వాటి మీద అక్షరాలు ఇంకా చదవొస్తున్నాయి! అక్కడ అసలు రేకే లేదు. పైగా ఎడమ డోర్ మూయాలంటే కాస్త ఎత్తి పట్టుకుని తోయాలి. సిల్స్ (డోర్ల కింది రేకు పట్టీలు) రెండు పక్కలా లేవు.

ఒక షాపులో మొత్తం ఫైబర్‌లో చేసేస్తాం 18 వేలు అన్నారు, ఇంకొకరు రేకు అయితే 45 వేలు అన్నారు. ఏది చేయించాలి? హైదరాబాద్‌లో రేకు చేత్తో కొట్టి షేప్ తీసే ఉస్తాద్‌లు ఇంకా ఉన్నారా?

రేకుపని_ముషీరాబాద్:

తమ్మీ, జెర ఆగు, రేకు సంగతి తర్వాత. డోర్ ఎత్తి పెట్టాల్సొస్తుందంటే నీ రోగం పైన లేదు, కింద ఉన్నది. హెరాల్డ్‌కి చాసీ వేరే, బాడీ వేరే. చాసీ నుంచి పక్కలకి చేతుల్లెక్క బయటికొచ్చే బ్రాకెట్లు ఉంటయి, అవుట్‌రిగ్గర్లు అంటరు, బాడీ వాటి మీద ప్యాకింగ్ పెట్టి కూసుంటది. ఆ చేతులు తుప్పు పట్టి కుంగితే బాడీ కుంగుతది, డోర్ జారుతది. బండి లేపి, స్టాండ్ల మీద పెట్టి, పాత స్క్రూడ్రైవర్‌తోని ఒక్కొక్క అవుట్‌రిగ్గర్‌ని గట్టిగ పొడిచి చూడు. లోపలికి దిగితే ముందు అది మార్చాలె. అది చెయ్యకుంట నువ్వు క్వార్టర్ కొత్తది అతికిస్తే ఆ వంకరనే పర్మనెంట్ అయితది, తర్వాత ఎవ్వడు తీయలేడు.

నేను 36 ఏండ్ల నుంచి టింకరింగ్ చేస్తున్న, మా ఉస్తాద్ దగ్గర మొదటి ఏడాది సుత్తే ముట్టనియ్యలే, డోర్ గ్యాపులు వేలితోని తడిమి ఏ పక్క ఎంత ఉన్నదో చెప్పమనేటోడు. నీకూ అదే చెప్తున్న. ముందు చాసీ, తర్వాత బాడీ లెవల్, తర్వాత డోర్లు పెట్టి గ్యాప్ సెట్ చేసుకో. ఆ గ్యాప్ మంచిగొచ్చినంక డోర్ తెరిచి, డోర్ ఉండే ఖాళీల అడ్డంగ, ఐమూలగ యాంగిల్ ముక్కలు టాక్ (చుక్క వెల్డింగ్) చెయ్యి, అటు బీ పిల్లర్ (డోర్ వెనక స్తంభం) నుంచి ఇటు బీ పిల్లర్ వరకు కూడ ఒకటి వెయ్యి. పైన కప్పు లేని బండి కదా, కట్టర్ పెట్టంగనే మాట వినకుంట పక్కకి తెరుచుకుంటది. క్వార్టర్ పని మొత్తం అయినంకనే ఆ యాంగిళ్లు తీయాలె.

ఇంకో మాట. పెట్రోల్ ట్యాంక్ డికీలనే ఒక పక్కన ఉంటది, వెల్డింగ్‌కి ముందు దాన్ని విప్పి దూరంగ పెట్టు. ఖాళీ ట్యాంకే కదా అని ఉంచకు, పెట్రోల్ కంటే దాని ఆవిరి డేంజర్. బ్యాటరీ కూడ తీసెయ్యి.

బాలానగర్_షాప్‌ఫ్లోర్:

పైన అన్న చెప్పిన వరస నూటికి నూరు శాతం కరెక్ట్. నేను షీట్ మెటల్ లైన్‌లోనే పని చేస్తా, కాబట్టి రేకు గురించి చెప్తాను.

క్వార్టర్‌కి 20 గేజి చాలు, అంటే 0.9 మిల్లీమీటర్లు. షాపుకెళ్లి ఉత్తగా సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీట్ ఇవ్వండి అంటే ఏదో ఒకటి ఇస్తారు, అది వంచడానికి పనికొస్తుంది కానీ గుండ్రంగా సాగదీస్తే చిట్లుతుంది. ఐఎస్ 513 (ఈ రేకులకి మన దేశ ప్రమాణం)లో డీడీ గానీ ఈడీడీ గానీ గ్రేడ్ అడగండి, లోతుగా సాగడానికి చేసిన మెత్తటి రేకు అది, సుత్తి కింద మాట వింటుంది. రాణీగంజ్‌లో చిన్న ముక్క అడిగితే ఇవ్వడానికి ఇష్టపడరు, ఫుల్ షీట్ తీసుకోండి, మొదటి రెండు ప్రయత్నాలు ఎలాగూ పాడవుతాయి. జీపీ (జింక్ పూత ఉన్న) షీట్ మాత్రం వద్దు, వెల్డింగ్ చేస్తే జింక్ పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలి జ్వరం.

షేప్ ఎక్కడి నుంచి తేవాలంటే, మీ కుడి క్వార్టర్ బాగుంది కదా, అదే మీ మాస్టర్. దాని మీద మాస్కింగ్ టేప్ నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస నిండా అంటించండి, అంచులు, ఫిన్ గీత, చక్రం ఆర్చి అన్నీ పెన్‌తో గీసుకుని ఆ టేప్ మొత్తం ఒకే తొక్కలా ఊడదీయండి. దాన్ని లోపలిది బయటికి తిప్పితే అదే ఎడమ పక్క ప్యాటర్న్. రేకు మీద పరిస్తే ఎక్కడ ముడతలు పడుతుందో అక్కడ రేకుని సాగదీయాలి, ఎక్కడ గుంజుకుపోతుందో అక్కడ కుదించాలి. దాంతోపాటు ప్రతి ఆరు అంగుళాలకి ఒక అట్ట టెంప్లేట్ కోసుకుంటే కొట్టేటప్పుడు పెట్టి చూసుకోవచ్చు. పాత బండ్లలో రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు, నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మామూలే, కాబట్టి అంచులు మాత్రం మీ ఎడమ డోర్‌ని, డికీ మూతని చూసి కోయండి.

డెక్ సంగతి వేరు, దాన్ని అస్సలు వెల్డ్ చేయొద్దు. హెరాల్డ్ అలా ముక్కలు ముక్కలుగా ఎందుకు ఉంటుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ తయారుచేసిన స్టాండర్డ్-ట్రయంఫ్ వాళ్లకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని 1953లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కొనేసింది, ఇక కొత్త కారుకి మొత్తం బాడీ ఒక్క చోట చేసిచ్చేవాళ్లు లేకుండా పోయారు. దాంతో వేరే చాసీ పెట్టి, బాడీని ముక్కలుగా తలో చోట చేయించుకుని బోల్టులతో కలిపేలా డిజైన్ చేశారు. గీసింది ఇటలీ ఆయన మికెలొట్టి, 1959లో బయటికొచ్చింది. ఆ పద్ధతి వల్లే మన మద్రాసులో 1961 నుంచి బిగించి అమ్మడం కూడా సులువైంది. సిల్స్ కూడా బోల్టులతో బిగించేవే, బరువు మోసేవి కావు, అవి ప్రెస్ బ్రేక్ (రేకు వంచే మిషన్) మీద వంచి తెచ్చుకోవచ్చు, బాలానగర్‌లో గంట పని. మీ డెక్ కూడా అదే పద్ధతిలో చుట్టూ అంచు మడిచి, కింద వెల్డ్ నట్లు పెట్టి, మధ్యలో రబ్బరు బీడింగ్ వేసి బోల్టులతో బిగించండి, రేపు ఏదైనా మార్చాలన్నా విప్పుకోవచ్చు.

హెరాల్డ్66:

అన్నా, మీరు చెప్పినట్టే నిన్న పొడిచి చూశా. ఎడమ వెనక అవుట్‌రిగ్గర్‌లోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది, తీస్తే పిడికెడు తుప్పు పొడి రాలింది. కుడివైపు అన్నీ గట్టిగానే ఉన్నాయి. డోర్ గ్యాప్ వెనక పక్క కొలిస్తే పైన 9 మిల్లీమీటర్లు, కింద 3. నిజంగా థాంక్స్, నేను తిన్నగా క్వార్టర్‌కే డబ్బు పెట్టేసేవాణ్ణి.

డెక్‌కి ఫైబర్ వాడితే తప్పేంటి? అది బరువు మోయదు కదా. హుడ్ ఫ్రేమ్ ఎలా చేయాలో కూడా అర్థం కావట్లేదు, కొలతలే లేవు.

మెహిదీపట్నం_ఫైబర్:

డెక్‌కి ఫైబర్ తప్పేం కాదు బ్రదర్, నేను వేరే పాత బండికి హుడ్ కవర్ చేశా, ఆరేళ్లయింది, పగుళ్లు లేవు. కానీ 18 వేలకి చేసేవాళ్లు అచ్చు తీయరు, మీ బండి మీదే నేరుగా మ్యాట్ (గాజు పీచు చాప) పరిచి రెజిన్ పూసేస్తారు, అది ఊడదీసేటప్పటికి పై ముఖం గరుకుగా వస్తుంది, దాన్ని మళ్లీ లప్పంతో కప్పుతారు, మీరు ఏది వదిలించుకుందామనుకున్నారో అదే మళ్లీ వస్తుంది. ముందు మాస్టర్, దాని మీద అచ్చు, ఆ అచ్చులో వ్యాక్స్ పాలిష్ నాలుగైదు కోట్లు, తర్వాత జెల్ కోట్ (పైకి కనపడే నున్నటి పొర), తర్వాత 450 గ్రాముల మ్యాట్ రెండు మూడు పొరలు. ఎండాకాలం మన దగ్గర హార్డనర్ ఒక శాతం దాటనివ్వకండి, మధ్యాహ్నం కలిపితే బ్రష్ ముంచేలోపే గడ్డకడుతుంది, పొద్దున్నే ఏడు లోపు వేసుకోండి. అచ్చులోంచి తొందరపడి తీయొద్దు, సగం గట్టిపడ్డాక తీస్తే ముక్క మెలితిరుగుతుంది.

క్వార్టర్‌కి మాత్రం ఫైబర్ వద్దు. రేకుకి ఫైబర్‌కి మధ్య అతుకు ఎండకి ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకొకలా సాగి పెయింట్ మీద గీతలా తేలుతుంది.

రేకుపని_ముషీరాబాద్:

ఫైబర్ అన్న చెప్పిన చివరి మాట ఒప్పుకుంటున్న. డెక్ మాత్రం నేనైతే రేకుతోనే చేస్త తమ్మీ, ఎందుకంటే హుడ్ గుంజినప్పుడు వెనక అంచు మీద ఎప్పటికీ లాగుడు ఉంటది, ఫైబర్ అయితే బోల్టు రంధ్రాల దగ్గర మెల్లగ నలుగుతది. ఫైబరే వెయ్యాలంటే బోల్టు ఉండే చోట లోపల ఇనుప పట్టీ కలిపి పొయ్యాలె.

క్వార్టర్ అతుకుడు గురించి రాస్త, ఎక్కువ మంది అక్కడనే పాడుచేస్తరు. రేకు షేప్ తీయనీకి మిషన్ లేకున్నా నడుస్తది, చింత మొద్దుల గుంట చెక్కుకుని కొయ్య సుత్తితోని గుంటలకి కొట్టు, తర్వాత ఇసుక సంచి మీద, చివరకి డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) మీద నున్నగ చెయ్యి. మా తాత డేగిశాలు కొట్టేటోడు, ఆయన మొద్దు మా ఇంట్ల ఇప్పటికీ ఉన్నది, మడ్‌గార్డు మూలలు నేను దాని మీదనే తీస్త. అతికేటప్పుడు రేకు మీద రేకు ఎక్కించకు, అంచుకి అంచు కలుపు, ఎక్కించిన సందుల నీళ్లు కూసుని అక్కడి నుంచే మళ్ల తుప్పు మొదలైతది. గ్యాస్ వెల్డింగ్ వచ్చినోడు దొరికితే అదే మంచిది, ఆ అతుకు మెత్తగ ఉంటది, సుత్తి డాలీతోని కొట్టి రేకుల కలిపెయ్యొచ్చు. మిగ్ (తీగ కరిగించే కరెంటు వెల్డింగ్) అయితే 0.6 తీగ పెట్టి, ఒక టాక్ ఈ కొసకి, ఒకటి ఆ కొసకి, ఒకటి నడుమ, చేయి పెట్టి చూసి చల్లగైనంకనే ఇంకోటి. ఒకే గీతల లాగుకుంట పోతే రేకు తడి అప్పడం లెక్క వంపు తిరుగుతది. ఎక్కడన్న సాగి డుబుక్ డుబుక్ అంటుంటే, ఆ చోట రూపాయి బిళ్లంత ఎర్రగ కాల్చి, డాలీ పెట్టి చుట్టూ తట్టి, తడిగుడ్డతోని అద్దు, కుదించుకుంటది. అట్ల చేస్తే లప్పం రెండు మిల్లీమీటర్లు దాటది. ఆ లప్పం కూడ ఖాళీ రేకు మీద కాదు, ముందు ఎపాక్సీ ప్రైమర్ కొట్టినంకనే.

హుడ్ ఫ్రేమ్‌కి కొలతలు లేవంటున్నవు కదా, కరెంటు వైరింగ్ పీవీసీ పైపులు వేడి చేసి వంచి, తాళ్లతోని కట్టి బండి మీద నిలబెట్టి చూడు. లోపల కూసుంటే తలకి తగలొద్దు, మడిస్తే డెక్ కింద దాగాలె. అది కుదిరినంక ఇనుప పైపు వంచుకో.

పాతబండి_సికింద్రాబాద్:

ఒక విషయం ఎవరూ అడగలేదు. ఆర్‌సీలో బాడీ టైప్ ఏముంది? సెలూన్ (గట్టి టాప్ ఉన్న కారు) అని ఉంటే మీరు చేసేది కాగితం మీద మార్పు కిందకే వస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని చెప్పింది. ఇక 2021 జూలైలో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 20 వేలు కట్టి పదేళ్లకి రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, కానీ చాసీ, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలని అందులోనే ఉంది. వింటేజ్ తీసుకుంటే రోజువారీ వాడకానికి తిప్పకూడదు కూడా.

అందుకే బాలానగర్ ఆయన చెప్పిన బోల్టు పద్ధతి నాకు చాలా నచ్చింది. కోసేసిన చోట టాప్ కూర్చునే పాత అంచుని మళ్లీ రేకుతో కట్టించుకోండి, బోల్టు రంధ్రాలు అసలు ఉన్నచోటే పెట్టించండి. మీ డెక్, హుడ్ ఆ రంధ్రాలకే బిగుస్తాయి. ఎప్పుడైనా తుక్కు హెరాల్డ్ నుంచి టాప్ దొరికితే అదే రంధ్రాల మీద సెలూన్ మళ్లీ తయారు. తమిళనాడు వైపు వెతకండి, బండ్లు అక్కడే పుట్టాయి కాబట్టి విడిభాగాలు అక్కడ కొంచెం ఎక్కువే దొరుకుతాయి. రెండు డోర్లదే చూసుకోండి, నాలుగు డోర్ల టాప్ దీనికి కుదరదు. రంధ్రాల కొలతల కోసం ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ వాళ్లకి రాయండి, హెరాల్డ్‌లు, స్పిట్‌ఫైర్లు ఉన్నవాళ్ల క్లబ్ అది.

హెరాల్డ్66:

ఆర్‌సీ తీసి చూశా సార్, సెలూన్ అనే ఉంది. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడుగుతా, టాప్ కోసం చెన్నైలో ఇద్దరికి చెప్పి పెట్టా. అది దొరికితే ముందు దాన్నే బిగిస్తా, హుడ్ ఆలోచన తర్వాత.

మూడు వారాలయింది కాబట్టి ఇంకో అప్‌డేట్. ముషీరాబాద్ అన్న స్వయంగా వచ్చి చూశారు, ఎడమ అవుట్‌రిగ్గర్ కోసి కొత్తది పెట్టాం, బాడీ కింద రెండు ప్యాకింగ్ ముక్కలు మార్చాం. డోర్ గ్యాప్ ఇప్పుడు పైన 5, కింద 5. నిన్న సాయంత్రం ఒక్క వేలితో తోస్తే టక్‌మని పడింది, మా పెదనాన్న బండి డోర్ చప్పుడు అచ్చం అదే, ఓ పదిసార్లు తెరిచి మూశా. యాంగిళ్లు వేసేశాం, కుడి క్వార్టర్ మీద టేప్ అంటించడం కూడా అయింది, ఆదివారం తొక్క ఊడదీసి రేకు మీద పరుస్తాం. ఇంకెవరైనా రెండు డోర్ల హెరాల్డ్ చేస్తుంటే చెప్పండి, అట్ట టెంప్లేట్లు ఇంకో సెట్ కోసి ఉంచుతా.