పాత పికప్‌లో ఏసీ: బండి ఆగితే వేడిగాలి. గ్యాస్ తగ్గిందా, ఫ్యాన్ పోయిందా?

అల్లూరు రొయ్యలు: 2009 పికప్. హైవే మీద పోతుంటే ఏసీ చల్లగానే వస్తుంది. రైల్వే గేటు దగ్గర ఆగానంటే కాసేపటికే వేడిగాలి. పోయిన ఎండాకాలం గ్యాస్ పట్టించాను. ఈసారీ గ్యాసే అంటున్నాడు మెకానిక్. ఇంజన్ ఆపి ప్రెషర్ గేజ్ పెడితే 130 పీఎస్ఐ చూపించింది. గ్యాస్ ఉన్నట్టా, లేనట్టా?

ఒంగోలు డీజిల్: 130 ఉంటే నిండుగా ఉన్నట్టేనన్నా. ఫ్యాన్ చూపించు.

గూడూరు ఏసీ పని: తప్పు. ఆపిన ఇంజన్ మీద గేజ్ గ్యాస్ ఎంతుందో చెప్పదు. ఇంట్లో సిలిండర్ సగమైనా స్టవ్ మంట ఒకేలా వస్తుంది కదా, ఇదీ అంతే. బండి ఏసీలో ఉండే 134ఏ గ్యాస్ లోపల కాస్త ద్రవంగా మిగిలున్నా 40 డిగ్రీల ఎండలో 130 చూపిస్తుంది.

కందుకూరు: నాదీ ఇదే బాధ. చూస్తున్నా.

ఒంగోలు డీజిల్: గేజ్ అబద్ధం చెబుతుందా? నా బండికి ఒక షాపులో గ్యాస్ మీద గ్యాస్ పట్టారు. తీరా చూస్తే ముందు జాలీ వెనక గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ రెక్కల నిండా చీమకుర్తి గ్రానైట్ దుమ్ము. నీళ్లు కొడితే బాగైంది. మీ మెకానిక్‌లందరికీ గ్యాసే కావాలి.

గూడూరు ఏసీ పని: గ్యాసేనని నేనెక్కడన్నాను? 130 గురించి చెప్పాను, అంతే. మీరు వచ్చేదే రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం. "గ్యాస్ పట్టి పంపించు" అంటారు. నైట్రోజన్ పెట్టి లీకు చూస్తాను, పూట బండి వదలండంటే డబ్బు గుంజుతున్నాడంటారు. వెతికే పనికి కూలి ఇవ్వరు, పట్టిన గ్యాస్‌కే ఇస్తారు. ఇక అందరూ గ్యాసే పడతారు!

అల్లూరు రొయ్యలు: రొయ్యల పట్టుబడి రోజు బండి వదిలితే సరుకు ఎట్లా పోవాలన్నా? కూలి ఇవ్వడానికి నాకేం బాధ లేదు. పాత గ్యాస్ ఎంత తీశారో, కొత్తది ఎన్ని గ్రాములు పట్టారో ఎవరూ చెప్పరు. అది కాగితం మీద రాసివ్వండి.

గూడూరు ఏసీ పని: రాసిస్తాను. లీకు వెతికిన కూలి కూడా అందులోనే రాస్తాను. ముందు మీరే ఒకటి చూడండి. బండి నిలబెట్టి, ఇంజన్, ఏసీ ఆన్‌లో ఉంచి, ముందు జాలీలోంచి కండెన్సర్ మీద నీళ్లు కొట్టండి. గాలి చల్లబడితే కండెన్సర్‌కి గాలి చాలడం లేదన్నమాట. ఇంజన్ ఆపాక, వేడిగా ఉన్నప్పుడే, ఫ్యాన్ రెక్క చేత్తో తిప్పండి. పట్టు లేకుండా గిర్రున తిరిగితే, ఫ్యాన్‌ని ఇంజన్‌తో కలిపి తిప్పే విస్కస్ కప్లింగ్ పోయింది. పైపు జాయింట్ల దగ్గర నూనె తడికి దుమ్ము అంటుకుని ఉందేమో కూడా చూడండి. అక్కడే లీకు.

అల్లూరు రొయ్యలు: నీళ్లు కొట్టగానే చల్లబడింది. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. ఉప్పుగాలికి కండెన్సర్ రెక్కలు కింది వరసలో తెల్లగా పొడి అయిపోతున్నాయి.

ఒంగోలు డీజిల్: ఫ్యానే అని మొదటే చెప్పాను.

గూడూరు ఏసీ పని: 130 చూసి చెప్పారు. కప్లింగ్ మార్చాక ఇంజన్ నడుస్తుండగా ఎక్కువ ప్రెషర్, తక్కువ ప్రెషర్ పైపులు రెండింటికీ గేజ్ పెట్టించండి. పోయినసారి పట్టింది ఎక్కువైందేమో అప్పుడు తెలుస్తుంది.