సమస్య: "చచ్చినట్టి వాఁడె చంప వచ్చె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఇచ్చాను, దాన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించాలి. నిన్న రాత్రి మా అబ్బాయి ఏదో జాంబీ సినిమా చూస్తుంటే మంచినీళ్ళ కోసం లేచాను. అప్పుడే ఒకడు నుదుట గుండు దిగి పడిపోయాడు. నేను నీళ్ళు తాగి వచ్చేసరికి అచ్చం అలాంటివాడే మళ్ళీ తలుపు బాదుతున్నాడు. ఈ పాదం నోటికి వచ్చింది వచ్చినట్టే కుదిరింది. జాంబీ సినిమాల మీదే పూరించండి. పోయినసారి అందరూ అభిమన్యుడి దగ్గరికే వెళ్ళారు, ఈసారి పురాణాలు వద్దు.

కొత్తకలం:
గుంపు గుంపు లేచె గోరీలు పగులంగ
కాటు పడిన వాఁడు కాటు వేసె
నొక్క కథయె తిప్పి యొక్కరొక్కరు తీయ
చచ్చినట్టి వాఁడె చంప వచ్చె

అందరూ తీసి తీసి చంపేసిన కథే మళ్ళీ ప్రేక్షకుణ్ణి చంపడానికి వచ్చిందని నా ఉద్దేశం. తప్పులుంటే పెద్దలు చెప్పాలి.

పిఠాపురం పంతులు:
బాబూ, రెండో పాదం చాలా బాగుంది. 'కాటు పడిన వాఁడు కాటు వేసె' అన్న ఐదు మాటల్లో సినిమా మొత్తం చెప్పేశావు. అయితే పగులంగఁ గాటు, తీయఁ జచ్చినట్టి అని ఉండాలి. ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషం (క, చ, ట, త, ప) అలా నిలవదు, గ, జ, డ, ద, బ అవుతుంది. సమస్య మొదటి అక్షరం మారిపోతుందని భయపడకు, జకారానికి చకారంతో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో హల్లూ అచ్చూ కుదరడం, చెల్లుతుంది. ఇంకొకటి, చచ్చింది కథ అయితే 'వాఁడె' ఎలా అంటావు? కథ అది కదా.

కొత్తకలం:
మొదటి భాగంలో చచ్చిన జాంబీయే రెండో భాగంలో వచ్చాడని చెప్పుకుంటే 'వాఁడె' సరిపోతుందా పంతులు గారూ?

పిఠాపురం పంతులు:
అప్పుడు సరిపోతుంది. అయితే మొదట చెప్పిన చమత్కారం పోతుంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో.

సీమమిరప:
తమ్ముడూ, ఏదీ వదులుకోవద్దు. పంతులు గారు అర్థం కంటే ముందు అరసున్న చూస్తారు. 'యొక్కరొక్కరు తీయ' అన్నది అక్షరాలా నిజం. అమెరికా దర్శకుడు జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' ఖర్చు సుమారు 1,14,000 డాలర్లే. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా అందరి సొత్తు అయిపోయింది. ఒక్క గుర్తు జారితే ఏమవుతుందో పంతులు గారికి నేను చెప్పాలా? చచ్చినవాళ్ళు గుంపుగా రావడం, మనుషుల్ని తినడం, ఇంటికి చెక్కలు కొట్టుకుని లోపల దాక్కోవడం, తలకు తగిలితేనే పడిపోవడం, ఇవన్నీ ఆ సినిమాలో కుదిరినవే. పైగా అందులో ఎవరూ 'జాంబీ' అనే మాట అనరు. 'గూల్' అంటారు. జాంబీ పేరు తర్వాత అతుక్కుంది.

ఇక నా పూరణ. 2021లో మన ప్రశాంత్ వర్మ తీసిన 'జాంబీ రెడ్డి' గుర్తుందిగా, ఫ్యాక్షన్ ఊళ్ళోకి జాంబీలు దిగుతాయి.

జాంబీ వచ్చి పడెను సాక్షాత్తు సీమలో
కత్తి వేట్లు తినియుఁ గదలు చుండె
పాత పగలు వీడి పక్కనే నిలిచిరి
చచ్చినట్టి వాఁడె చంప వచ్చె

నరికితే చచ్చేవాడి మీద పగ ఉంటుంది. నరికినా చావనివాడు ఎదురొస్తే రెండు వర్గాలూ ఒకే గోడకు వీపు ఆనించి నిలబడాల్సిందే. ఆ సినిమాను ఫ్యాక్షన్ గొడవల్లోకి తేవడమే సరైన ఆలోచన.

పిఠాపురం పంతులు:
మొదటి అడుగే గగం, రెండూ గురువులే. 'జాంబీ' అని దీర్ఘం పెడితే ఆటవెలది ఎలా నడుస్తుంది?

సీమమిరప:
సినిమా పేరే అది. పోస్టర్ మీద దీర్ఘం ఉంది.

పిఠాపురం పంతులు:
పోస్టర్ వాళ్ళకు గణాలు అక్కర్లేదు, మీకు కావాలి. మీరు సినిమా పేరు చెప్పడం లేదు, జాంబి వచ్చిందంటున్నారు. 'జాంబి' అంటే సరిపోతుంది.

కొత్తకలం:
కాఫీని కాఫీ అనే అంటాం కదండీ, కాఫి అనం. మరి జాంబీకి దీర్ఘం ఎందుకు తీసేయాలి?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. వచ్చిన మాట నోట్లో ఎలా స్థిరపడితే అలాగే రాయాలని నేనూ అంటాను. కానీ ఈ మాట కరీబియన్ దేశం హైతీ నుంచి వ్యాపించింది. అక్కడివాళ్ళ నోట్లో చివర దీర్ఘం లేదు, 'జోన్‌బి' అంటారు. కాబట్టి పద్యంలో జాంబి అన్నా తప్పు పట్టలేం. మిరప గారూ, హ్రస్వం చేయండి, పద్యం నిలబడుతుంది. రెండో పాదం నాకు బాగా నచ్చింది.

సీమమిరప:
సరే, 'జాంబి వచ్చి పడెను'. నిర్వాహకులు చెప్పారు కాబట్టి మారుస్తున్నాను. ఒక మాట మాత్రం చెప్పాలి. బేతాళుడి సమస్య ఇచ్చినప్పుడు నా పాదం 'చెట్టు మీఁది శవము చేరి పలికె' అని ఉంటే పంతులు గారు 'శవం ఎక్కడైనా పలుకుతుందా, పలికేది బేతాళుడు' అని మొత్తం పద్యాన్ని పక్కన పెట్టేశారు. అది నేను మర్చిపోలేదు. ఇవాళ శవాలు నడుస్తుంటే, కరుస్తుంటే ఆయనకు అభ్యంతరం లేదు.

పిఠాపురం పంతులు:
అప్పుడూ ఇప్పుడూ నేను చెప్పేది ఒకటే. బేతాళుడంటే పరాయి శవంలో దూరిన వాడు. లోపల ఒకడున్నాడు కాబట్టి కథ చెబుతాడు, చిక్కుప్రశ్న వేస్తాడు. మన దయ్యానికి ఒళ్ళు ఉండదు, కోరిక ఉంటుంది. జాంబీకి ఒళ్ళు ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు. మూడూ మూడు జాతులు. మనం కాల్చేస్తాం కాబట్టి లేచి రావడానికి ఒళ్ళు మిగలదు. అందుకే మనకు దయ్యాలు పుట్టాయి గాని జాంబీలు పుట్టలేదు. కొత్తకలం 'గోరీలు పగులంగ' అన్నప్పుడే అది మన ఊరి భయం కాదనిపించింది.

సీమమిరప:
ఎవరు కాల్చేస్తారు? మా ఊళ్ళో సగానికి పైగా పూడ్చేవాళ్ళే. వీరశైవులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. మా తాతను పూడ్చిన చోటు మా శెనగ చేను గట్టు మీదే ఉంది. ఏటా పెద్దల పండక్కి అక్కడ కొబ్బరికాయ కొడతాం. నా చిన్నప్పుడు చీకటి పడ్డాక ఆ గట్టు దాటాలంటే వెన్నులో వణుకు పుట్టేది. తాత దయ్యమై వస్తాడని కాదు. మట్టి కదులుతుందని భయం. కాబట్టి అది మా భయం కూడా.

పిఠాపురం పంతులు:
ఆ మాట ఒప్పుకుంటాను. 'మనం కాల్చేస్తాం' అన్నది తొందరపాటే.

ఉప్పుటేరు:
మీరిద్దరూ గట్టు దగ్గరే ఆగిపోయారు. జాంబీ పుట్టింది చెరకు తోటలో. హైతీ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ సెయింట్ డొమింగ్, బానిసల చేత చెరకు పండించిన వలస రాజ్యం. అక్కడి బానిసకు జాంబీ అంటే భయం లేదు, జాంబీ అయిపోతానేమోనని భయం. చస్తేనన్నా విడుదల దొరుకుతుందనుకుంటే, చచ్చాక కూడా లేపి చేలో దింపుతారన్న భయం అది. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ'లో చెరకు గానుగ దృశ్యం ఒకటుంది. జాంబీలు గుండ్రంగా నడుస్తూ గానుగ తిప్పుతుంటారు. ఒకడు కాలుజారి గానుగలో పడిపోతాడు. మిగతావాళ్ళు ఆగరు, తల కూడా తిప్పరు. గానుగ చప్పుడు మారదు. నేను చూసిన జాంబీ సినిమాలన్నిటిలో నన్ను నిద్రపోనివ్వనిది అదొక్కటే. అందులో ఎవరూ ఎవరినీ కరవరు.

అక్కడి నమ్మకం ఇంకొకటి ఉంది. జాంబీకి ఉప్పు పెట్టకూడదట. ఉప్పు నాలుకకు తగిలితే తాను చచ్చిపోయానని తెలుస్తుందట, తిన్నగా తన సమాధికి వెళ్ళిపోతాడట. మనం 'వాళ్ళ ఉప్పు తిన్నాం' అని కట్టుబడి ఉంటాం. వాళ్ళకు ఉప్పు తింటే కట్టు తెగుతుంది.

చెఱకు తోట లోన జీవచ్ఛవమ్మయి
యుప్పు లేని కూటి కోర్చి యోర్చి
దొరల లెక్కలోనఁ దొలుతనే యేనాఁడొ
చచ్చినట్టి వాఁడె చంప వచ్చె

1791 ఆగస్టులో ఆ బానిసలే తిరగబడి తోటలు తగలబెట్టారు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. నా నాలుగో పాదం అక్కడికి.

నిర్వాహకుడు:
ఉప్పుటేరు గారూ, ఇలాంటి పద్యం వస్తుందనే సమస్యలు ఇస్తాను. చెరకూ, ఉప్పులేని కూడూ పక్కపక్కన పెట్టారు చూడండి, దాన్ని రెండుసార్లు చదివాను. జీవచ్ఛవం అన్న మాట మన దగ్గర ఎప్పటి నుంచో ఉండగా జాంబీకి దీర్ఘమా హ్రస్వమా అని మేం కొట్టుకుంటున్నాం.

పిఠాపురం పంతులు:
పద్యం గొప్పది. ఒక్క చోటే తగ్గింది. 'తొలుతనే', 'ఏనాఁడొ' రెండూ ఒకే పని చేస్తున్నాయి. ఐదు మాత్రలు నింపడానికి పెట్టినట్టుంది. 'దొలుతనే మనిషిగాఁ జచ్చినట్టి వాఁడె' అని చూడండి.

ఉప్పుటేరు:
పంతులు గారూ, చేతులెత్తి నమస్కారం. నేను చెప్పాలనుకున్నదే మీరు ఒక్క మాటలో పెట్టారు. మారుస్తున్నాను:

దొరల లెక్కలోనఁ దొలుతనే మనిషిగాఁ
జచ్చినట్టి వాఁడె చంప వచ్చె

సీమమిరప:
ఇది మాత్రం బాగుంది. పంతులు గారు సాయం చేస్తే ఇలా చేస్తారన్నమాట. నా పద్యానికి గగం చూపించి వదిలేశారు.

మూడునదులు:
నేను పద్యం రాయలేను, చదవడానికే వస్తాను. ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది పిట్స్‌బర్గ్. ఇక్కడి పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి నుంచి కారులో కాసేపు వెళ్తే మన్రోవిల్ మాల్ వస్తుంది. రొమేరో రెండో జాంబీ సినిమా, 1978 నాటి 'డాన్ ఆఫ్ ద డెడ్', ఆ మాల్‌లోనే తీశారు. రాత్రి దుకాణాలు మూశాక షూటింగ్ చేసి, పొద్దున తెరిచేలోపు సర్దేసేవారట. కొన్నేళ్ళ కిందట అక్కడ రొమేరో బొమ్మ కూడా చూశాను. మా ఆయనా నేనూ గుళ్ళో పులిహోర తిని, పిల్లలకు చెప్పులు కొనాలని నేరుగా ఆ మాల్‌కే వెళ్ళేవాళ్ళం.

సినిమా చూశాక ఆ మాల్‌లో నడవడం ఇంతకుముందులా లేదు. ఆ జాంబీలు మాల్‌కి ఎందుకొస్తున్నారని ఒకామె అడిగితే, బతికున్నప్పుడు ఇది వాళ్ళకు ముఖ్యమైన చోటు కాబట్టి అంటాడు పక్కనున్నతను. ఎస్కలేటర్ మీద జనం చేతులు వేలాడేసుకుని పైకి వస్తుంటే నాకు అదే గుర్తొచ్చేది. ఇప్పుడొచ్చే సినిమాల్లో జాంబీలు చీమల్లా గోడలెక్కుతున్నారు. 2013లో 'వరల్డ్ వార్ జెడ్'లో జెరూసలేం గోడ మీదికి కుప్పగా పడి ఎక్కారు. చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఆ కుప్పలో నాకు ఒక్క మొహం కూడా కనబడలేదు. మొహం లేకపోతే ఎవరి కోసం భయపడాలి?

ఉప్పుటేరు:
అక్కా, మీరు పద్యం రాయలేదన్న లోటేమీ లేదు. నేను వేగాన్ని కూడా తప్పు పట్టను. 2002 నాటి '28 డేస్ లేటర్'లో వాళ్ళు పరిగెత్తారు, భయమేసింది. 2016లో కొరియావాళ్ళ 'ట్రెయిన్ టు బుసాన్'లోనూ పరిగెత్తారు. అయినా దాంట్లో గుర్తుండిపోయేది కాటు పడిన తండ్రి. తను మారిపోయేలోపు రైలు చివర నిలబడి, కూతురు పుట్టిన రోజున చేతుల్లోకి తీసుకున్నది తలుచుకుని నవ్వుతాడు. తర్వాత దూకేస్తాడు. గుంపు ఎంత పెద్దదైనా ఆ ఒక్క మొహం ముందు నిలవదు.

పిఠాపురం పంతులు:
నాకు ఈ సినిమాలంటే గౌరవం లేదు. మిరప గారు చెప్పాక ఆ 1968 నాటిది నిన్న రాత్రి చూశాను. మొదట్లోనే శ్మశానంలో ఒక అన్నా చెల్లెలూ ఉంటారు. అన్న చెల్లెల్ని భయపెట్టి ఆటపట్టిస్తాడు, కాసేపటికే చచ్చిపోతాడు. చివర్లో తలుపు విరిగి గుంపు లోపలికి వచ్చినప్పుడు, ముందు చేతులే కనిపిస్తాయి. ఆ చేతుల వెనక అన్న మొహం వస్తుంది. చెల్లెలు ఒక్క క్షణం గుర్తుపడుతుంది. అతను లాక్కుపోతాడు. అక్కడ ఆపేసి లేచాను. మిగతాది పొద్దున చూశాను.

తోడఁ బుట్టి నట్టి తోడె యా గుంపులోఁ
జేయి చాచ గుండె జారి పోయె
ప్రేమఁ జూపి పిలిచి బిగియారఁ గౌఁగిటఁ
జచ్చినట్టి వాఁడె చంప వచ్చె

సీమమిరప:
పంతులు గారూ, రెండో పాదం. 'జే', 'జా'. హల్లు కలిసింది, స్వరం ఎక్కడ కలిసింది?

నిర్వాహకుడు:
మిరప గారు చెప్పింది నిజమే. ఏకారానికి ఆకారం చెల్లదు.

కొత్తకలం:
ఇంకో సందేహం. సినిమాలో అన్న ప్రేమగా పిలవడు కదండీ?

పిఠాపురం పంతులు:
పిలవడు బాబూ. పిలిచి ఉంటే ఆ పిల్ల తనంతట తానే వెళ్ళేది, అందుకే రాశాను. అది మార్చను.

యతి మాత్రం తప్పింది, ఒప్పుకుంటున్నాను. 'జేయి చాచ గుండె చెదిరి పోయె' అని దిద్దుతున్నాను. 'గుండె జారి పోయె' అన్నదే తెలుగు, చెదిరిపోవడం నేను తెచ్చిపెట్టుకున్నది. అది పోయినందుకు బాధగా ఉంది. కానీ మీ జాంబీ దీర్ఘం తీయించినవాణ్ణి నాకొక సడలింపు ఇచ్చుకోలేను.

మిరప గారూ, ఇంకొకటి. దయ్యం, బేతాళుడు, జాంబీ మూడు జాతులని నేనే రాశాక మీ పాత పాదం మళ్ళీ తీసి చదివాను. 'చెట్టు మీఁది శవము చేరి పలికె.' అప్పుడు నేను శవాన్ని కర్తగా తీసుకున్నాను. శవమే దగ్గరికి చేరి పలికిందని చదువుకున్నాను. అది కర్మ. శవాన్ని చేరి పలికాడు, లోపల దూరి పలికాడు. జడానికి, అంటే ప్రాణం లేనిదానికి, ద్వితీయ ('శవాన్ని') బదులు ప్రథమ ('శవము') చెల్లుతుంది. మీరు బేతాళుణ్ణే చెప్పారు. పద్యం తప్పులేనిది. ఆ సమస్య కింద నా వ్యాఖ్య పక్కన ఈ మాట కూడా పెట్టి వచ్చాను.

సీమమిరప:
చూశాను పంతులు గారూ. నిజం చెప్పాలంటే కర్మ అనుకునే రాశాను, కానీ ఆ రోజు సూత్రం గుర్తురాక ఊరుకున్నాను. మీ మూడో పాదం మా అమ్మకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.