పద్మిని కారు లోపల రొద తగ్గాలంటే షీట్లు ఎక్కడెక్కడ వేయాలి?

కడప_పద్మిని:
మా నాయన నడిపిన ప్రీమియర్ పద్మినికి టింకరింగ్, పెయింటింగ్ ఇప్పుడే అయ్యాయి. ఇంజన్ బాగుంది, కానీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే పక్క సీట్లో మనిషితో అరిచి మాట్లాడాల్సిందే. పాలకోవా కొనిస్తానన్నా సరే, ఈ బండిలో రానంటోంది మా ఆవిడ. తలుపు వేస్తే రేకు డబ్బా మోగినట్టు మోగుతుంది. సీట్లు, కార్పెట్ ఇంకా బిగించలేదు కాబట్టి సౌండ్ డ్యాంపింగ్ షీట్లు ఇప్పుడే వేయించాలని ఉంది. ఇక్కడ సీట్ కవర్ల షాపాయన తారు షీట్లు చాలు, సగం ఖర్చుతో అయిపోతుందంటున్నాడు. నిజమేనా? బండంతా పరచాలా, రూఫ్‌కి కూడానా?

అనంత_పాతబండి:
తారు వద్దన్నా. నేను ముందు అదే వేయించుకున్నా, ఏప్రిల్ దాకా బాగానే ఉంది. మే నెలలో ఒక రోజు బండి ఎండలో పెట్టి పెళ్లికి పోయి వచ్చేసరికి రూఫ్‌కి అంటించిన ముక్క మెత్తబడి లైనింగ్ బట్ట మీదకి జారింది, లోపలంతా కొత్తగా వేసిన రోడ్డు వాసన. కిరోసిన్‌తో తుడవడానికే రెండు రోజులు పట్టింది. బ్యూటైల్ రబ్బరుది, పైన అల్యూమినియం రేకు ఉన్నది, 2 మిల్లీమీటర్లది తీసుకో. కొంచెం ఎక్కువే అవుతుంది, అయినా మన ఎండలకు అదే నిలుస్తుంది.

బండంతా పరచొద్దు. ఆ షీటు పని రేకు వణుకుడు ఆపడం, అంతే. వేలితో తట్టుకుంటూ పో, టంగుమన్న చోట మధ్యలో ఒక ముక్క వెయ్యి. ఒక్కో రేకులో పావు వంతు, మహా అయితే మూడో వంతు కప్పితే చాలు. చదరపు మీటరుకు దాదాపు 3 కిలోలు తూగుతుంది, మొత్తం పరిచావంటే పాపం ఆ 1089 సీసీ ఇంజన్ ఘాట్‌లో ఆయాసపడుతుంది. రూఫ్ లైనింగ్ విప్పి ఉంటేనే అక్కడ వెయ్యి, లేకపోతే వదిలెయ్.

కర్నూలు_గ్యారేజీ:
షీట్ల కన్నా ముందు రొద ఎక్కడి నుంచి వస్తోందో చూడండి సార్. మా దగ్గరికి వచ్చే పాత బండ్లలో చాలావాటికి ఇంజన్‌కీ డ్యాష్‌బోర్డుకీ మధ్య ప్లేటులో వైర్లు, పెడళ్లు, స్టీరింగ్ రాడ్ దూరే కంతలకు గ్రోమెట్లే (కంత అంచున బిగించే రబ్బరు రింగులు) ఉండవు. గాలి వచ్చే కంత నుంచి శబ్దం కూడా వస్తుంది, దానికి షీటు ఏం చేస్తుంది? డోర్ బీడింగ్ (తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మార్చండి, సైలెన్సర్ జాయింట్ లీకుందేమో చూడండి.

ఆ తర్వాత ఫ్లోర్‌కీ, వెనక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఫ్లోర్ మధ్యలో లేచిన గుబ్బకీ షీటు వేయండి. ముందు తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, ఆరాక జిడ్డు లేకుండా తుడవాలి. జిడ్డు మీద ఏదీ అంటదు. రోలర్‌తో గట్టిగా నొక్కండి, బుడగ మిగిలితే అక్కడే నీరు చేరుతుంది. డోర్ల అడుగున నీళ్లు పోయే కంతలు మాత్రం మూయొద్దు, అద్దం పక్క నుంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. కార్పెట్ కింద జనపనార ఫెల్ట్ కూడా వద్దు, తడిస్తే ఆరదు. నీరు పీల్చని ఫోమ్ వేయండి.

కడప_పద్మిని:
ఇప్పుడే టార్చి లైటు పట్టుకుని చూశాను. క్లచ్ పెడల్ పక్కన ఒక కంత, నా బొటనవేలు దూరుతోంది. పెయింటింగ్ అతను దాని చుట్టూ ఎంతో నీటుగా రంగు కూడా వేశాడు. షీట్లు వచ్చే వారం చూసుకుంటా, రేపు గ్రోమెట్లకి పోతున్నా.