విశాఖ ఎంపీ మన ఊరివాడే కావాలా?

బీచ్‌రోడ్ బాబు:
నిన్న రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇంకా తెగలేదు. మా మావయ్యది ఒకటే మాట: "విశాఖ సీటు బయటి నాయకులకు సత్రమైపోయింది. ఊరివాడు ఢిల్లీ వెళ్లుంటే రైల్వే జోన్ ఎప్పుడో వచ్చేది." 1996, 1998ల్లో సుబ్బరామిరెడ్డి, 2004లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, 2009లో పురందేశ్వరి. ముగ్గురూ బయటివాళ్లే, ముగ్గురినీ గెలిపించింది మనమే. పని చేసేవాడైతే ఏ ఊరైతే ఏం అని నేనంటాను. మీరేమంటారు?

గాజువాక గంట:
మీ మావయ్యకే నా ఓటు. నేదురుమల్లి గారి లెక్క చూడండి. 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖ. మూడు ఎన్నికలు, మూడు ఊళ్లు. పురందేశ్వరి గారు బాపట్ల నుంచి ఇక్కడికొచ్చారు, 2014లో రాజంపేట వెళ్లారు, 2019లో మళ్లీ ఇక్కడ నిలబడ్డారు, 2024లో రాజమండ్రిలో గెలిచారు. వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది నా పాయింటు కాదు. ఐదేళ్ల తర్వాత ఇదే ఊళ్లో మళ్లీ ఓటు అడగాలన్న భయం ఉండాలి కదా!
తెన్నేటి విశ్వనాథం గారికి ఆ బంధం ఉంది. ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచారు, 1967లో లోక్‌సభకు వెళ్లారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించేనాటికి మన ఎంపీ ఆయనే.

పెదవాల్తేరు మేష్టారు:
తెన్నేటి గారి గురించి రెండో మాట లేదు. కానీ గంట గారూ, అదే ఉక్కు కోసం 1966లో విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్న అమృతరావు గారిది గుంటూరు జిల్లా. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయిన 32 మందీ విశాఖవాళ్లే కాదు, వేరే జిల్లాల్లోనూ కాల్పులు జరిగాయి. మన ఊరి ఫ్యాక్టరీ కోసం చావడానికి నాన్‌లోకల్ పనికొచ్చాడు, ఓటుకి పనికిరాడా?
ఇంకోటి. 1960 ఉప ఎన్నికలో, మళ్లీ 1962లో ఇక్కడ గెలిచింది విజయనగరం మహారాజకుమార్. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన క్రికెట్ జట్టు కెప్టెన్, ఆ విజ్జీ ఆయనే. పుట్టుక చూస్తే పక్క ఊరు, మకాం కాశీలో. ఈయన్ని ఏ ఖాతాలో రాస్తారు? 2014లో గెలిచిన హరిబాబు గారు ప్రకాశం జిల్లాలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి అక్కడే పాఠాలు చెప్పారు. నా దృష్టిలో ఆయన పక్కా లోకల్. (నేను పుట్టింది కూడా తుని. చెప్పకపోతే ఎవరో ఒకరు తవ్వి తీస్తారు.)

గాజువాక గంట:
మేష్టారూ, నలభై ఏళ్లు ఇక్కడ ఉన్నవాడూ, నామినేషన్‌కి ముందు రోజు దిగినవాడూ ఒకటేనా? 2014లో కడప జిల్లా నుంచి వచ్చి నిలబడ్డ వై.ఎస్. విజయమ్మ గారిని జనం 90 వేల తేడాతో ఎందుకు ఓడించారో మీకు తెలీదా?

పాడేరు కుర్రోడు:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మీ అందరికీ విశాఖ అంటే బీచ్ నుంచి గాజువాక దాకా. అందుకే మొదటి ఎన్నికల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.
1952లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం. ఒకే సీటు నుంచి ఇద్దరు ఎంపీలు, ఒకరిది గిరిజన రిజర్వు స్థానం, ఓటరుకి రెండు ఓట్లు. ఇద్దరూ స్వతంత్రులే గెలిచారు. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడి అండమాన్ జైలు చూసి వచ్చిన మనిషి, గంటందొర తమ్ముడు. పట్నంవాళ్లూ మన్యంవాళ్లూ కలిసి ఒకే బ్యాలెట్ మీద ఓటేసిన రోజులవి.
1961లో ఆ ద్విసభ్య పద్ధతి ఎత్తేశారు. తర్వాత మమ్మల్ని ఎక్కడ పెట్టారో తెలుసా? 2009కి ముందు పాడేరు, చింతపల్లి భద్రాచలం లోక్‌సభ సీటులో ఉండేవి. కొత్తగూడెం బొగ్గు గనుల ఊళ్లూ మేమూ ఒకే ఎంపీకి ఓటేసేవాళ్లం. చింతపల్లి, సీలేరు, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డెక్కి భద్రాచలం చేరేసరికి రోజు గడిచిపోతుంది. మా తాత అనేవాడు, "మన ఎంపీ మొహం పోస్టరు మీదే చూశాను" అని.
2008 పునర్విభజనలో అరకు సీటు వచ్చింది, సంతోషమే. కానీ అది అటు పాలకొండ నుంచి ఇటు రంపచోడవరం దాకా, అప్పటి నాలుగు జిల్లాల్లో పరుచుకుంది. పాలకొండలో పుట్టిన ఎంపీ మారేడుమిల్లిలో లోకలా? మాకు ఆ ప్రశ్నే నవ్వొస్తుంది. మా ఎంపీ ఏ ఊరివాడన్నది తర్వాత సంగతి, మా ఊరు ఏ సీటులో ఉందన్నదే మాకు ముఖ్యం. ఆ గీత గీసేటప్పుడు మమ్మల్ని ఎవరడిగారు?

ఎస్.కోట రైతు:
కుర్రోడు బాగా చెప్పాడు. మాది విజయనగరం జిల్లా, ఎంపీ మాత్రం విశాఖ. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో భీమిలి కొంత, మేము పూర్తిగా పల్లె, మిగతాదంతా సిటీయే. కలెక్టరుకి అర్జీ పెట్టాలంటే అటు బస్సు, ఎంపీకి పెట్టాలంటే ఇటు బస్సు. ఎవరు గెలిచినా మాకు సిటీవాడే, అంటే నాన్‌లోకలే.

గాజువాక గంట:
మల్లుదొర గారు విశాఖ ఎంపీ అని నాకు నిజంగా తెలీదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రైల్వే జోన్ సంగతి ఎవరూ తేల్చలేదు.

పెదవాల్తేరు మేష్టారు:
తేలుద్దాం. ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. ప్రకటన 2019 ఫిబ్రవరిలో, శంకుస్థాపన 2025 జనవరిలో. ఈ మధ్యలో ముగ్గురు ఎంపీలు: హరిబాబు, ఎం.వి.వి. సత్యనారాయణ, శ్రీభరత్. ముగ్గురికీ ఇల్లూ వాకిలీ ఈ ఊళ్లోనే.

బీచ్‌రోడ్ బాబు:
ఇది మావయ్యకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మేష్టారిది తుని కదా" అన్నాడు.