తమ్ముడికి చూపు పోయాక స్నేహాలన్నీ ఫోన్లోనే, ఇలా వదిలేయొచ్చా?

తణుకు_అక్క:
మా తమ్ముడికి ఆర్పీ, అదే రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇంటర్లో రాత్రిళ్ళు కనపడట్లేదన్నాడు, తర్వాత పక్కనున్నవి కనపడ్డం మానేశాయి, డిగ్రీ అయ్యేసరికి వెలుతురు ఒక్కటే తెలుస్తోంది. కాలేజీ ఫ్రెండ్స్ మొదట్లో వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి. వీడు ఫోన్లో ఉన్నది పైకి చదివే టాక్‌బ్యాక్ పెట్టుకుని పొద్దస్తమానం టెలిగ్రామ్ వాయిస్ చాట్లే, కరీంనగర్ నుంచి ఒకడు దుబాయ్ నుంచి ఒకడు, అర్ధరాత్రి దాకా క్రికెట్ మీద గొడవ. మొహం కూడా తెలీనివాళ్ళతో ఏం స్నేహాలు అని అమ్మ గోల. నాకూ ఎటూ తేలట్లేదు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్

చీకటిరాజు:
అక్కా నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఎదురుగా కూర్చోబెట్టినా మాకు తెలిసేది గొంతే కదా, ఇంక మొహం సంగతెందుకు 😄 పెళ్ళిళ్ళకెళ్తే నన్నో కుర్చీలో కూర్చోబెడతారు, వచ్చినోళ్ళంతా "ఏం చదువుతున్నాడు" అని మా అన్నయ్యని అడుగుతారు, నన్ను కాదు. ఆన్‌లైన్లో పక్కన అన్నయ్య ఉండడు, నన్నే అడగాలి. చూపు లేదని చెప్పాలా వద్దా అన్నది కూడా నా ఇష్టం. ఇంకోటి, కంప్యూటర్లో ఉన్నది పైకి చదివే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వస్తుందని, స్క్రైబ్‌తో, అంటే మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషితో పరీక్ష రాస్తే గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని గవర్నమెంట్ గైడ్‌లైన్స్ ఉన్నాయని నాకు చెప్పింది గ్రూపులోవాళ్ళే, మా కాలేజీలో ఎవరికీ తెలీదు. చుట్టాల గ్రూపుల్లో మాత్రం అక్షరాలున్న ఫొటోలు పంపి చంపుతారు, టాక్‌బ్యాక్ "ఫొటో" అనేసి ఊరుకుంటుంది, రిప్లై ఇవ్వలేదని వాళ్ళు అలుగుతారు

రెండో_అంతస్తు:
నాది వీల్‌చైర్, బైక్ యాక్సిడెంట్లో వెన్నుపూస దెబ్బతింది. లిఫ్ట్ లేదు, కిందికి దిగాలంటే ఇద్దరు మోయాలి. బయటికెళ్ళి నలుగురితో కలువు అనేవాళ్ళెవరూ మోయడానికి రారు లెండి. కూర్చుని కూర్చుని పుండ్లు పడకుండా చూసుకోమని డిశ్చార్జ్ అప్పుడు హడావుడిగా చెప్పి పంపేశారు, ఎలాగో చెప్పింది వాట్సాప్ గ్రూపులో ఒకాయన, కనీసం అరగంటకోసారి చేతుల మీద ఒళ్ళు లేపాలని వీడియో కాల్లో చేసి చూపించారు. యూరిన్ బ్యాగ్ గురించి, పెళ్ళి గురించి ఇంట్లో అడగలేం కదా. కాకపోతే గ్రూపులో అందరిదీ అదే బాధయితే కొన్నాళ్ళకి ఇంకా దిగులు పట్టుకుంటుంది, నేను చెస్ ఆడేవాళ్ళలో పడ్డాక తేలికపడ్డా. క్రికెట్ మీద గొడవ పడుతున్నాడంటే మీవాడు బానే ఉన్నాడు

సుబ్బు_మాష్టారు:
అన్నీ నిజమే గానీ, యూడీఐడీ కార్డు, అదే వికలాంగుల గుర్తింపు కార్డు తొందరగా ఇప్పిస్తామని ఆధార్, ఓటీపీ అడిగేవాళ్ళు ఇలాంటి గ్రూపుల్లో దూరతారు. ఆ కార్డుకి గవర్నమెంట్ సైట్లో మనమే అప్లై చేసుకోవచ్చు. టాక్‌బ్యాక్ ఓటీపీ కూడా పైకే చదివేస్తుంది, బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకోమనమ్మా

తణుకు_అక్క:
థాంక్స్ అందరికీ. ఎక్స్‌ట్రా టైమ్ సంగతి మాకసలు తెలీదు, పోటీ పరీక్షలు రాస్తానంటున్నాడు వాడు. ఎన్‌వీడీఏలో తెలుగు గొంతు రోబోలా ఉందని తీసేశాడట, వేరే ఏమన్నా ఉందా?

చీకటిరాజు:
దాంతో వచ్చే ఈస్పీక్ అనే గొంతు అంతే అక్కా, కొన్నాళ్ళు వింటే అలవాటైపోతుంది, స్పీడ్ పెంచుకోమనండి. మేం వినే స్పీడ్‌లో మీకు ఒక్క ముక్క అర్థంకాదు 😄