అప్‌డేట్: శనగ వేళ్లపై బుడిపెలు రాని సమస్య తేలింది

పోయిన రబీలో అడిగాను: నాగులుప్పలపాడు నల్లరేగడిలో శనగ, విత్తనానికి రైజోబియం (గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా కల్చర్) పట్టించినా వేళ్లపై బుడిపెలు లేవు, ఆకు పసుపు తిరిగింది. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఈ రబీలో తేలింది, వెతుక్కునేవాళ్ల కోసం రాస్తున్నాను.

అసలు తప్పు ప్యాకెట్‌దే. కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) శాస్త్రవేత్త చూడగానే పట్టేశారు: అది వేరుశనగ కల్చర్. పేరులో 'శనగ' ఉన్నా ఆ బ్యాక్టీరియా వేరు. శనగకు మీసోరైజోబియం కావాలి, అది లేకుంటే బుడిపె కట్టదు. ప్యాకెట్ మీద పంట పేరు, గడువు తేదీ తప్పక చదవండి. రెండో తప్పు, శిలీంద్రనాశిని మందు థైరమ్‌నూ కల్చర్‌నూ ఒకే తొట్టిలో కలపడం. మందు బ్యాక్టీరియాను చంపేస్తుంది. "వరస మార్చు, ముందు మందు, తర్వాత కల్చర్" అని అప్పుడు ఇచ్చిన సలహా నూటికి నూరుపాళ్లు సరైనది.

ఈసారి చేసింది: ముందు శిలీంద్రనాశిని పట్టించి ఆరనిచ్చాం. విత్తే రోజు 100 మి.లీ. నీటిలో 10 గ్రా. బెల్లం మరిగించి, పూర్తిగా చల్లార్చి, 8 కిలోల విత్తనానికి పట్టించి 200 గ్రా. కల్చర్ కలిపాం. వేడిగా ఉంటే బ్యాక్టీరియా చస్తుంది. నీడలోనే ఆరబెట్టి అదే రోజు విత్తాం.

35వ రోజున మొక్కను పీకకుండా పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్లలో నానబెట్టి కడిగాం. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు, అంటే నత్రజని పట్టే పని జరుగుతోంది. తెల్లగా గానీ ఆకుపచ్చగా గానీ ఉంటే పని చేయనట్టే.

నేల చౌడేమో అన్న అనుమానం నిలవలేదు, మట్టి పరీక్షలో ఈసీ (ఉప్పు శాతాన్ని తెలిపే కొలత) మామూలుగానే ఉంది. పైపాటు యూరియా మాత్రం వేయకండి. ఆకు పచ్చబడుతుంది కానీ బుడిపెలు తగ్గుతాయి.